లేబరు బెల్లు

విశాఖపట్నం చరిత్ర రాసినవాళ్ళు ఓడరేవు తవ్వకం గురించి రాశారు. జపాను విమానాలు బాంబులు వేసి వెళ్ళిన రోజు గురించి రాశారు. డెబ్భై ఒకటిలో ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి పడిన ముహూర్తం గురించీ, ఆ తరవాత చాలాకాలం ఆ రాయి చుట్టూ గడ్డి పెరగడం గురించీ కూడా రాశారు. నరసింహమూర్తి సైకిలు బెల్లు గురించి మాత్రం ఎవరూ ఒక్క వాక్యం రాయలేదు. చరిత్రకారులకు పక్షపాతం ఉంటుందని ఊరికే అనరు.

ఆ బెల్లు మూడుసార్లు మోగేది. వీధి మలుపులో మూడు, కొట్టు గుమ్మం ముందు మూడు, సైకిలుకు స్టాండు వేశాక అలవాటు కొద్దీ ఇంకో మూడు. ఎదురుగా మనిషి ఉన్నా లేకపోయినా, ఆవు ఉన్నా లేకపోయినా ఈ లెక్క తప్పేది కాదు. దీనికి మూలపురుషుడు ఆయన తండ్రి. మండపేట పక్క పల్లెలో ఎలిమెంటరీ స్కూలు మేష్టరుగా పనిచేసిన ఆ పెద్దమనిషి, “చెప్పకుండా ఒకరి గుమ్మం తొక్కేవాడు దొంగయినా అయ్యుండాలి, కొత్తల్లుడైనా అయ్యుండాలి” అని పిల్లలకు నేర్పాడు. నరసింహమూర్తి ఈ రెంటిలో మొదటిది ఎన్నడూ కాలేదు. రెండోది ఎలమంచిలిలో ఒక్క ఏడాది అయ్యాడు, అదీ బెల్లు కొట్టుకుంటూనే.

అటువంటి మనిషిని ప్రభుత్వం డెబ్భై నాలుగులో లేబరు ఇన్‌స్పెక్టరును చేసి, పూర్ణా మార్కెట్టు నుంచి పోర్టు గేటు దాకా ఉన్న కొట్లూ హోటళ్ళూ ఆయనకు అప్పగించింది. పద్నాలుగేళ్ళు నిండని పిల్లలు వాటిల్లో పనిచెయ్యకూడదని చట్టం. నరసింహమూర్తి తనిఖీకి వెళ్ళిన ప్రతిచోటా ఆ చట్టం అక్షరం పొల్లుపోకుండా అమలవుతూ కనిపించేది. బల్లలు తుడిచేది మీసం నెరిసిన ముసలాయన. గ్లాసులు కడిగేది సాక్షాత్తూ యజమాని. ఆ విద్య ఆ క్షణంలోనే నేర్చుకుంటున్నట్టు కడిగేవాడు. వడ్డించే మనిషి లేక పోర్టు కళాసీలు తామే లేచి చట్నీ వేసుకునేవాళ్ళు. ఇంత చట్టభక్తి గల ఊరు గోదావరి జిల్లాల్లో కూడా లేదని నరసింహమూర్తి భార్య తాయారుతో అనేవాడు.

ఆయన ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. కాఫీ తాగితే డబ్బులిచ్చేవాడు. తనిఖీ అంటే దాడి కాదని, అదొక పరామర్శ అని ఆయన నమ్మకం. అందుచేత తొందరపడేవాడు కాదు. కూర్చుని ఒక కాఫీ తాగి, యజమాని క్షేమం అడిగి, కాఫీ బాగుంటే రెండోది చెప్పి, అది కూడా నింపాదిగా చల్లార్చుకుని తాగి లేచేవాడు. ఉద్యోగ జీవితం మొత్తంలో ఆయన స్వీకరించిన ఉపకారం ఒక్కటే. పోర్టు రోడ్డులో టిఫిను హోటలు నడిపే గవర్రాజు, ఆయన కాఫీ తాగుతూండగా బయటికి వెళ్ళి బెల్లులో రెండు చుక్కల నూనె వేసేవాడు.

“ఉప్పుగాలికి తుప్పట్టిపోతాది బాబూ,” అన్నాడొకసారి. “మొన్న వానలో మీ బెల్లు సరిగా ఇనపడనేదు. మాం అందరం బెంగెట్టుకున్నాం.”

ఇంత అభిమానం గల జనం మధ్య ఉద్యోగం దొరకడం పూర్వజన్మ సుకృతం అనుకున్నాడు నరసింహమూర్తి.

అయినా ఆయన చేతికి కొందరు పిల్లలు చిక్కారు. మొదటివాడు జ్వరంతో గోనెసంచుల మీద పడి ఉన్నాడు. రెండోవాడు ఆ పొద్దుటే పనిలో చేరాడు, వాడికి ఇంకా ఎవరూ ఏమీ నేర్పలేదు. మూడోవాడు నూకరాజు. గవర్రాజు హోటల్లో బెల్లు వినగానే మిగతా పిల్లలతో పాటే వాడూ వెనక గుమ్మంలోంచి దూకాడు గాని, పొయ్యి మీద పాలు గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. కిందటివారం పాలు పొంగబెట్టినందుకు గవర్రాజు గరిటె కాల్చి పెట్టిన వాత ముంజేతి మీద ఇంకా మానలేదు. పాలు దించి తలెత్తేసరికి ఎదురుగా ఇన్‌స్పెక్టరు. గవర్రాజుకు కోర్టులో జరిమానా పడింది. నరసింహమూర్తికి తన చురుకుదనం మీద గౌరవం పెరిగింది. పాల సంగతి ఆయన గమనించలేదు.

పట్టుకున్న పిల్లల్ని ఇంటివాళ్ళుంటే ఇంటికి, లేకపోతే వసతి గృహానికి పంపాలి. పెందుర్తి వెళ్ళే రోడ్డు మీద, గోపాలపట్నం దాటాక ఒక పెంకుటింట్లో ఆ గృహం ఉండేది. ప్రపంచమంతా బాలల సంవత్సరం జరుపుకున్న డెబ్భై తొమ్మిదిలో పెట్టారు. వార్డెను ప్రేమలీల. నర్సు ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషి. గొంతు పెంచకుండానే ఇల్లంతా నడిపించేది. పొద్దున్న బడి, సాయంత్రం ఆటలు, రాత్రి అందరికీ ఒకేలాంటి దుప్పటి. నూకరాజు వచ్చిన కొత్తలో తెల్లవారకముందే లేచి పొయ్యి వెలిగించబోయేవాడు. పడుకోరా అంటే భయపడేవాడు. ఆ భయం పోవడానికి చాలా నెలలు పట్టింది.

ఆ ఇంట్లో ప్రేమలీల ఒక పద్ధతి పెట్టింది. ఏటా నవంబరులో వార్షికోత్సవం. ఆ రోజున అయినవాళ్ళు ఎవరూ రాని పిల్లలు చిన్నబుచ్చుకోకుండా, ప్రతి పిల్లవాడూ తనకు ఇష్టమైన ఒక మనిషిని పిలుచుకోవచ్చు. ఆ మనిషికి ముందు వరసలో కుర్చీ. సభ జరుగుతున్నంతసేపూ పిల్లవాడు ఆ కుర్చీ వెనక చెయ్యి వేసి నిలబడతాడు. చివర్లో పులిహోర ప్లేటు తనే తెచ్చి అందిస్తాడు. దాని పేరు సొంత మనిషి కుర్చీ. మిగతా పెద్దలందరికీ వెనక బెంచీలు.

నరసింహమూర్తి మొదటి ఏడాది బెంచీ మీద కూర్చున్నాడు. రెండో ఏడాది కూడా. చట్టప్రకారం ఈ పిల్లల్ని తెచ్చినవాడు తను. కుర్చీలో కూర్చున్నవాడు శుభాకర్.

శుభాకర్ ఎనభైలో వచ్చాడు. పక్క సర్కిలుకు ఇన్‌స్పెక్టరు. ఎలమంచిలి చర్చి బడి మేష్టరు కొడుకు. చొక్కా పైగుండీ పెట్టుకోడు. ఆఫీసులో కుర్చీ ఖాళీగా ఉన్నా బల్ల మీదే కూర్చుంటాడు. పాత లాంబ్రెట్టా మీద తిరుగుతాడు. దాని హారను చెడిపోయి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు. హోటలుకు వెళ్ళేవాడు ముందు గుమ్మంలోంచి వెళ్ళాలి కదా, అతను వంటింట్లోంచి దూరతాడు. ఇన్ని అవలక్షణాలున్న మనిషి వచ్చిన మొదటి నెలలోనే డజను మంది పిల్లల్ని విడిపించాడు.

“మూర్తిగారూ,” అన్నాడు లేబరు ఆఫీసరు గురునాథరావు, అందరూ ఉండగా, “మీ సర్కిల్లో పిల్లలు పుట్టరా ఏమిటండీ?”

ఆ మాట మీద శుభాకర్ నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు. పైగా, “మూర్తిగారి ఏరియా బాగా క్లీనండి. ఆయనంటే హోటలోళ్ళకి హడల్,” అన్నాడు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. అది మరీ భరించరానిది.

అసూయ అనే మాట నరసింహమూర్తి ఒప్పుకునేవాడు కాదు. ఆయనకున్నది శాఖాపరమైన ఆందోళన. శుభాకర్ పైగుండీ వల్ల ప్రభుత్వ ప్రతిష్ఠ ఏమవుతుందో అని ఆందోళన. వంటింటి గుమ్మం వల్ల తనిఖీ సంప్రదాయం ఏమవుతుందో అని ఆందోళన. ఈ ఆందోళన భోజనాల వేళ కడుపులో మంటగా వచ్చేది. తాయారు వాము నీళ్ళు కాచి ఇచ్చేది. అది వాముకు తగ్గే జాతి మంట కాదు.

పైగా ఆవిడే దానికి నెయ్యి పోసేది.

“శుభాకర్ మా ఊరి కుర్రాడండీ. వాళ్ళ నాన్నగారి దగ్గరే నేను ఎక్కాలు నేర్చుకున్నాను. ఆ పిల్లలు అతన్ని చూస్తే చాలు, బెల్లానికి చీమలు పట్టినట్టు పట్టేస్తారట కదా.”

“చీమలు పట్టడం బెల్లం గొప్పతనం కాదు,” అన్నాడు నరసింహమూర్తి.

“మరి ఎవరి గొప్పతనం?”

ఆయన వంకాయ కూర పక్కకు నెట్టి మజ్జిగ పోసుకున్నాడు.

ఎనభై రెండు వార్షికోత్సవం ఆయన గుండెలో ముల్లయింది. ఆ ఏడు శుభాకర్ కుర్చీ వెనక పిల్లలు దేవుడి పల్లకీ మోసే బోయీల్లా గుంపుగా నిలబడ్డారు. చెయ్యి వెయ్యడానికి చోటు చాలక ఒకడు కుర్చీ కాలు పట్టుకున్నాడు. ఆ గుంపులో నూకరాజు ఉన్నాడు. నరసింహమూర్తి స్వహస్తాలతో విడిపించిన నూకరాజు. వాడు తెచ్చిచ్చిన పులిహోర శుభాకర్ తింటుంటే, బెంచీ మీద ఉన్నాయనకు ఆవాలు తన పళ్ళ కింద పడినట్టయింది.

ఎనభై నాలుగు వేసవికి ఆయనకు శ్రీకాకుళం బదిలీ ఖాయమని ఆఫీసులో అనుకోవడం మొదలైంది. అంటే ఎనభై మూడు నవంబరు ఒక్కటే మిగిలింది. జిల్లా కలెక్టరు ప్రశంసాపత్రం ఇస్తానన్నా ఆయనకు అక్కర్లేదు. ఆ కుర్చీలో కూర్చోవాలి. శుభాకర్ చూస్తుండగా కూర్చోవాలి.

నరసింహమూర్తి పద్ధతిగా పని మొదలుపెట్టాడు. శుభాకర్ ఈల వేస్తాడు కాబట్టి తనూ ఇంట్లో తలుపేసుకుని ఈల సాధన చేశాడు. తాయారు వంటింట్లోంచి వచ్చి, “కుక్కరు నేను ఎక్కించనేలేదే,” అని చుట్టూ చూసింది. శుభాకర్ పిల్లలతో కేరమ్స్ ఆడతాడు కాబట్టి తనూ ఒక కొత్త స్ట్రైకరు కొన్నాడు. పైగుండీ కూడా విప్పి చూశాడు గాని, అద్దంలో తండ్రిగారు కనిపించినట్టయి మళ్ళీ పెట్టేసుకున్నాడు. ఆదివారం వచ్చిందంటే జీళ్ళ పొట్లం కట్టించుకుని, సైకిలెక్కి గోపాలపట్నం దాటేవాడు. గృహం గేటు ముందు ఆగి, మర్యాదగా మూడుసార్లు బెల్లు కొట్టేవాడు.

లోపలికి వెళితే పిల్లలుండరు.

అరుగు మీద కేరమ్స్ బోర్డు ఉంటుంది, దాని మీద స్ట్రైకరు ఇంకా జారుతూ ఉంటుంది. నూతి గిలక తిరుగుతూ ఉంటుంది. సగం తిన్న జామకాయ మెట్టు మీద ఉంటుంది. మనుషులుండరు. ప్రేమలీల ఒక్కతే ఎదురొచ్చి, కుర్చీ వేసి, “పిల్లలు సిగ్గరులండీ,” అనేది. జీళ్ళు ఆవిడకు ఇచ్చి ఆయన వెళ్ళిపోయేవాడు. ఆ జీళ్ళు ప్రేమలీల పెట్టినవని పిల్లలు తినేవాళ్ళు.

ఒకసారి ఆవిడ చాలా నెమ్మదిగా, “మూర్తిగారూ, సైకిలు రోడ్డు మీదే ఆపేసి నడిచి వస్తే ఎలా ఉంటుందండీ?” అంది.

“తాళం సరిగ్గా పడదండి,” అన్నాడాయన. అంతకంటే చెప్పడానికి ఆవిడకు మొహమాటం అడ్డొచ్చింది. సర్కారు మనిషి, వయసులో పెద్దవాడు.

ఇల్లు చేరేలోగా నరసింహమూర్తి ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇది శుభాకర్ పనే. పిల్లల మనసులు విరిచేశాడు. బల్ల మీద కూర్చునేవాడు ఏదైనా చెయ్యగలడు.

ఎనభై మూడు అక్టోబరులో ఒక ఆదివారం ఎప్పటిలాగే ఖాళీ అరుగు చూసి, టీ తాగి, తిరుగు ప్రయాణమయ్యాడు. రైల్వే గేటు దగ్గర మేకలు అడ్డొచ్చాయి. బొటనవేలితో మీట నొక్కితే టక్కుమంది గాని మోగలేదు. చూస్తే బెల్లు మీద టోపీ లేదు. ఎవరో మరలు తిప్పి శుభ్రంగా ఊడదీసుకున్నారు. ఆయన వెనక్కి తిరిగి గృహానికి వచ్చాడు. గేటు దగ్గర వేలు మూడుసార్లు దానంతటదే ఆడింది. టక్కు, టక్కు, టక్కు.

లోపల అరుగు నిండా పిల్లలు. నాలుగేళ్ళలో ఆయన వాళ్ళను సభలో తప్ప ఇలా ఒకచోట చూడటం ఇదే మొదలు. మధ్యలో నూకరాజు బెల్లు టోపీని నేల మీద బొంగరంలా తిప్పుతున్నాడు. ఆయన నీడ పడగానే అందరూ బిగుసుకుపోయారు. కానీ ఎవరూ కదల్లేదు. అందుకు ఆయన కంటే వాళ్ళే ఎక్కువ ఆశ్చర్యపోయారు.

“ఒరే, మనం ఇంకా ఇక్కడే ఉన్నాంరా,” అన్నాడొకడు మెల్లగా.

“నా బెల్లు ఎందుకు తీశావురా?” అన్నాడు నరసింహమూర్తి.

నూకరాజు టోపీ వెనక దాచుకుని, దాచి లాభం లేదని ముందుకు తెచ్చాడు. “మీరు వత్తే ఆట సెడిపోతంది బాబూ. ఇయ్యాల నాకు రెడ్డు పడ్డాది. దానెనక ఫాలో కాయ ఏసీలోగా మోగించీసినారు.”

“ఆడుకోవద్దని నేను ఎప్పుడైనా అన్నానా?”

“మీరు అననేదు. బెల్లు.”

“బెల్లు ఏమంది?”

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత పెద్దాయనకు ఇంత చిన్న సంగతి తెలియకపోవడం వాళ్ళకు విడ్డూరంగా ఉంది.

“అది లేబరు బెల్లు గదండి,” అన్నాడు నూకరాజు. “ఇనపడితే పరిగెత్తాల. గవర్రాజు గోరు పనిలోకి ఎట్టుకున్న రోజే నేర్పినారు. గళాసులు కడగడం తరవాత నేర్పినారు.”

“అది హోటలు. ఇది హోటలు కాదు కదా. ఇక్కడ నిన్ను ఎవరూ ఏమీ చెయ్యరు. నీకు తెలుసు కదా?”

“నాకు తెల్సు బాబూ. కాళ్ళకి తెల్దు.”

నరసింహమూర్తి అరుగు అంచు మీద కూర్చున్నాడు. “పరిగెత్తి ఎక్కడికి పోయేవాళ్ళురా?” అని అడిగాడు.

“హోటలెనకాల గెడ్డ ఉంది గదండి. ఆ మురుగునీళ్ళలో మోకాళ్ళ దాకా నిలబడీవోళ్ళం, మీరు ఎల్లిపోయీదాకా. మీరు బేగి ఎల్లిపోతే ఏటీ నేదు. రెండో కాఫీ అడిగితేనే సలేసీది.”

ఇంకొకడు అందుకున్నాడు. “కాఫీ బాగా పెట్టొద్దని వంటాయన్ని బతిమాలీవోళ్ళం బాబూ.”

ఆఖరికి ఆయన మనసులో ఉన్నది బయటికి వచ్చింది. “మరి శుభాకర్ వస్తే పరిగెత్తరేం?”

“ఆయన బండికి హారన్ నేదు గదండి,” అన్నాడు నూకరాజు.

మూడేళ్ళుగా తనను దహించిన శుభాకర్ కీర్తికంతటికీ కారణం ఒక చెడిపోయిన హారనని తెలిశాక మనిషి ఊరట పొందాలి. నరసింహమూర్తికి ఊరట కలిగింది కూడా. కానీ ఆ ఊరటతో పాటు మోకాళ్ళ లోతు నీళ్ళు కూడా వచ్చాయి, అవి పోలేదు. బెల్లు టోపీ అడిగి తీసుకోకుండానే ఇంటికి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్న సైకిలు పూర్ణా మార్కెట్టు దగ్గర వదిలేసి, పోర్టు రోడ్డు వెనక సందులోకి నడిచి వెళ్ళాడు. గెడ్డ అంటే ఊళ్ళో మురుగూ వాననీళ్ళూ కలిసి సముద్రానికి పోయే కాలవ. గవర్రాజు హోటలు వెనక గోడ పక్కన నాలుగు రాళ్ళున్నాయి, పైభాగం పాదాలకు అరిగి నున్నగా ఉంది. ఆయన జోళ్ళు విప్పి, పంట్లాం మడిచి, నీళ్ళలో దిగాడు. రెండో కాఫీ చల్లారి, తాగడం పూర్తయ్యేటంతసేపు నిలబడ్డాడు. నిలబడినంతసేపూ ఒక్క ఆలోచన మాత్రం గౌరవప్రదమైనది కాదు. శుభాకర్ ఎప్పుడైనా ఇందులో దిగాడా, అనుకున్నాడు. దిగి ఉండడు.

తరవాత తడికాళ్ళతో వంటింటి గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాడు. గ్లాసులు కడుగుతున్న ముగ్గురు పిల్లలు తలెత్తి చూసి, ఎవరో కాలవలో పడ్డాయన కాబోలనుకుని మళ్ళీ కడగసాగారు. గల్లాపెట్టె దగ్గర గవర్రాజు లేచి నిలబడ్డాడు.

“బాబుగోరు... బెల్లు కొట్టనేదేటి?”

“కొట్టలేదండి.”

“ఎనక గుమ్మంనుంచి వత్తారేటి, మీలాటి మరియాదస్తులు?”

“మా నాన్నగారి మాట ఇవాళ తప్పాను,” అన్నాడు నరసింహమూర్తి. “ఈ ముగ్గురి పేర్లూ చెప్పండి.”

కాఫీ తాగుతారా అని గవర్రాజు అడగలేదు. అడిగినా ఆయన తాగేవాడు కాదు. ఆ రోజు నుంచి తనిఖీల్లో ఆయనకు కాఫీ సయించలేదు.

తరవాత రెండు వారాలు పోర్టు రోడ్డు చూసినంత కలవరం మళ్ళీ చూడలేదు. బెల్లు వినబడకుండా లేబరు ఇన్‌స్పెక్టరు రావడమేమిటని యజమానులు దిక్కుతోచక తిరిగారు. మెకానిక్కు షెడ్లలో, మిఠాయి కొట్లలో, సోడా బండ్ల వెనక ఇన్నాళ్ళూ లేని పిల్లలందరూ ఉన్నారు. ఆయన ఒక్కొక్కర్నీ చెయ్యి పట్టుకుని తెచ్చాడు. కొందరి తండ్రులు వచ్చి తిట్టి తీసుకుపోయారు, వాళ్ళ వెనక బడి దాకా వెళ్ళి పేరు రాయించి వచ్చాడు. గృహంలో చాపలు చాలక ప్రేమలీల వరండాలో కూడా పరిచింది. లోకంలో చాలా మంచి పనులు కరుణ వల్ల జరిగాయంటారు. వాటిల్లో పక్కవాణ్ణి మించిపోవాలనే పంతం వల్ల జరిగినవి ఎన్నో ఎవరూ విడదీసి చెప్పలేదు. ఈ రెండు వారాల పని గురించి అడిగితే నరసింహమూర్తి కూడా విడదీయలేడు.

యజమానులందరి తరఫునా గవర్రాజు ఒక సాయంత్రం ఇంటికి వచ్చాడు. చేతిలో పొట్లం. విప్పితే తళతళలాడే కొత్త బెల్లు.

“అందరం సందాలేసుకుని తెప్పించినాం బాబూ. కొడితే సింహాచలం దాకా ఇనపడతాది.”

“నేను లంచం తీసుకోనని మీకు తెలుసు కదండి.”

“ఇది లంచమేటి బాబూ, బెల్లు.”

“అందుకే వద్దంటున్నాను.”

గవర్రాజు పొట్లం మళ్ళీ కట్టుకున్నాడు. మెట్లు దిగుతూ, “పాతాయనే నయం,” అన్నాడు, అదే మనిషి గురించి.

ఆఫీసులో గురునాథరావు అందరి ముందూ కరచాలనం చేశాడు. శుభాకర్ బల్ల దిగి వచ్చి, రెండు చేతులూ పట్టుకుని, “గురువుగారూ, అదరగొట్టీసారు. మీ దగ్గర నేర్చుకోవాలండి మేమంతా,” అన్నాడు. మొహంలో ఎక్కడా కల్తీ లేదు. నరసింహమూర్తి ఆ మొహాన్ని జాగ్రత్తగా వెతికి చూసుకున్నాడు. ఒక చిన్న ముడత, ఒక కన్నుకుట్టు, ఏదైనా. లేదు. తిరిగి అసూయపడని మనిషి మీద అసూయపడటం ఒంటిచేత్తో చప్పట్లు కొట్టడమంత విసుగు పని.

కుర్చీ విషయంలో మాత్రం చిన్న చిక్కు వచ్చింది. కొత్తగా తెచ్చిన పిల్లలందరూ తననే పిలుస్తారని ఆయన వేసుకున్న లెక్క. గృహంలో ఏడాది నిండనివాళ్ళకు ఇంకా ఆ హక్కు లేదని ప్రేమలీల చెప్పింది. వచ్చే నవంబరుకు ఆయన శ్రీకాకుళంలో ఉంటాడు. ఆదివారం అరుగు మీద కూర్చుని ఆయన ఈ సంగతి మింగుతున్నాడు. ఇప్పుడు పిల్లలు పారిపోవడం లేదు. పక్కనే కేరమ్స్ ఆడుతున్నారు. బెల్లు టోపీని బోర్డు పౌడరు పోసుకునే గిన్నె చేసుకున్నారు. అది ఎవరిదో వాళ్ళకు గుర్తున్నట్టు లేదు.

రెడ్డు వేసి, ఫాలో కూడా వేసి, నూకరాజు లేచి వచ్చాడు.

“బాబూ, వచ్చే ఆదివారం సబకి మీరు నా కుర్సీలో కూకుంతారా?”

నరసింహమూర్తి గొంతు సవరించుకున్నాడు. “ఆలోచించి చెబుతాను,” అన్నాడు, హోదాకు తగినట్టు. సైకిలు నడిపించుకుంటూ గేటు దాకా వెళ్ళి, గేటు తియ్యకుండానే వెనక్కి వచ్చాడు. “వస్తున్నాను,” అన్నాడు.

ఆ వారమంతా ఆయన నడక మారిపోయింది. నూకరాజు కిందటేడు శుభాకర్ కుర్చీ వెనక నిలబడినవాడు. అంటే ఇది ఖాళీ కుర్చీ కాదు, శత్రువు చేతిలోంచి తీసుకున్న కోట. వాము నీళ్ళు అక్కర్లేకపోయింది. తాయారు చేసిన వంకాయ కూర రెండుసార్లు వేయించుకున్నాడు. సభ రోజు పెళ్ళినాటి పట్టు కండువా తీయించి, భార్యను రిక్షా ఎక్కించి, తను పక్కన బెల్లు లేని సైకిలు మీద బయల్దేరాడు.

ముందు వరసలో కుర్చీ. కూర్చున్నాడు. వెనక కర్ర మీద నూకరాజు చెయ్యి పడింది. వాత మచ్చ ఉన్న చెయ్యి. ఆయనకు వీపు కొంచెం నిటారైంది. ఈ ఏడు ముందు వరసలో కొత్త మొహాలు చాలా ఉన్నాయి. పాలు పోసే ఆయన, క్షవరం చేసే ఆయన, గృహంలో వంట చేసే వరహాలమ్మ కూడా కుర్చీల్లో కూర్చున్నారు. ఆవిడ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్లలు పాట పాడారు. ప్రేమలీల రెండు మాటలు చెప్పింది. నూకరాజు పులిహోర తెచ్చి, “పచ్చిమిరగాయ తీసీసినాను బాబూ, మీకు పడదని అమ్మగోరు సెప్పినారు,” అన్నాడు.

ఇంతకంటే ఇంకేం కావాలి. ఒక్కటే కావాలి. ఇది శుభాకర్ చూడాలి. నరసింహమూర్తి ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, మెడ చాచి బెంచీల వైపు చూశాడు. మొదటి బెంచీ, రెండో బెంచీ, స్తంభం వెనక, గేటు దగ్గర. అటు వెతికి, ఇటు వెతికి, పక్కన నిలబడ్డ తాయారు వైపు వంగాడు.

“శుభాకర్ ఎక్కడ కూర్చున్నాడో కనబడుతోందా?”

“ఇక్కడెందుకుంటాడండీ. ఎలమంచిలిలో వాళ్ళ చెల్లెలి పెళ్ళి కదా. మననీ పిలిచాడు, మీరే వెళ్ళక్కర్లేదన్నారు.”

శుభాకర్ ఆ వారమంతా సెలవులో ఉన్నాడు. సభకు రాలేనని పిల్లలకు ముందే చెప్పి వెళ్ళాడు.